కుంతికి మ్రొక్కే చేతులు

పెటాలింగ్ జయలో ఆర్ఫన్‌కేర్ అనే సంస్థ 2010 మే నెలలో గోడకు ఒక చిన్న తలుపును ఏర్పాటు చేసింది. బిడ్డను పెంచలేని తల్లి ఆ తలుపు తెరచి, లోపలి పడకమీద శిశువును ఉంచి, తిరిగి మూసి వెళ్ళిపోవచ్చు. లోపల గంట మ్రోగుతుంది. ఎవరో వచ్చి బిడ్డను ఎత్తుకొంటారు. చెత్తకుండీల వద్ద, మరుగుదొడ్లలో పసికందులు దొరికిన వార్తలు పత్రికలలో వరుసగా వస్తున్న రోజులవి. ఆ తలుపు సంగతి మొదట విన్నప్పుడు నాకు స్ఫురించినది కుంతి నదిలో విడిచిన పెట్టె.

కుంతి కథ మన పిల్లలకు కూడ తెలిసినదే. పెండ్లి కాని పిల్ల. ఇంటికి వచ్చిన దుర్వాసునికి పరిచర్య చేసి మంత్రం పొందింది. అది నిజమో కాదో చూడబోయి తల్లి అయింది. లోకానికి వెరచి బిడ్డను పెట్టెలో ఉంచి నీటిలో వదిలింది. ఇందుకు భారతం ఆమెను వెలివేయలేదు. ఉదయం లేవగానే స్మరించవలసిన పంచకన్యలలో ఆమె పేరును కూడ చేర్చుకొన్నాము (ఆ చోట సీత పేరు చెప్పేవారూ ఉన్నారు). కర్ణుడు లేని భారతం శొంఠి లేని కషాయమని సామెత కూడ కట్టుకొన్నాము. ఆ కథలో కీడు చేసినది ఆమె తల్లి కావడం కాదు, దానిని దాచవలసి రావడం. అన్న అని తెలియకనే అర్జునుడు కర్ణుని చంపాడు. యుద్ధం ముగిసిన తరువాత నిజం విన్న ధర్మరాజు దుఃఖించినది ఆ దాపరికం గురించే.

ప్రవచనంలో కుంతి పేరు వినగానే చేతులు జోడించే మనమే, ఫారం ఫోర్ చదివే మన వీధి పిల్ల గర్భవతి అని తెలిసిన నాడు ఏమి చేస్తున్నాము? బడి మానిపిస్తాము. ఊరు కాని ఊరిలో ఉన్న బంధువుల ఇంటికి పంపుతాము. అది కుదరకపోతే పంచాంగం తెరచి, దొరికిన మొదటి ముహూర్తానికి మెడలో తాళి కట్టిస్తాము. ఈ మూడవ పనికి ‘పరువు నిలబెట్టడం’ అని పేరు. నా అభ్యంతరం ముఖ్యంగా దీనిమీదనే.

వెంటనే వచ్చే సమాధానం నాకు తెలుసు: “మా మామ్మ పదిహేనేళ్ళకే తల్లి కాలేదా? ఎనిమిదిమందిని పెంచలేదా?” మా మామ్మ కూడ పదిహేనేళ్ళకే తల్లి అయింది. విశాఖపట్టణం రేవులో ఓడ ఎక్కి వచ్చి, దిగువ పేరాక్ కొబ్బరి తోటలలో స్థిరపడిన కుటుంబం మాది. ఆమె ఓర్పును గురించి మా ఇంట్లో ఎన్నో కథలు చెబుతారు. తొలి కాన్పు బిడ్డ దక్కలేదన్న మాట మాత్రం ఎవరూ చెప్పరు. నేను పెద్దదానినైన తరువాత ఒకసారి ఆమెనే అడిగాను. “నాకేటి తెలుసమ్మా అప్పుడు? నొప్పులొస్తే తిన్నది పడలేదనుకున్నాను” అన్నది. ఆ ఒక్క వాక్యం విన్న తరువాత, ఆమె వయసును గొప్పగా చెప్పుకొనే హక్కు నాకు లేదనిపించింది.

పదిహేనేళ్ళ మామ్మ మాతృత్వం గౌరవం, పదహారేళ్ళ మనుమరాలి మాతృత్వం అవమానం! ఈ రెంటికి నడుమ ఉన్న తేడా ఒక్క తాళిబొట్టు. శరీరానికి తాళి సంగతి తెలియదు. ఇరవై దాటిన తల్లులకంటె ఇరవై నిండని తల్లులకు గుర్రపువాతం, ప్రసవానంతర జ్వరాల ప్రమాదం ఎక్కువనీ, వారి బిడ్డలు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే అవకాశం ఎక్కువనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అక్కడ పెండ్లి అయిన పిల్ల, కాని పిల్ల అన్న విభజన లేదు.

మన పూర్వికులు విడిచి వచ్చిన విజయనగరం సీమలోనే గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కం రచించారు. 1897 నాటి తొలి ముద్రణ పీఠికలో ఒక లెక్క ఉన్నది. విజయనగర మహారాజావారు విశాఖ మండలంలోని బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టిక తయారు చేయించగా, మూడేళ్ళలో 1034 తేలాయి. వారిలో అయిదేళ్ళ వధువులు 99 మంది. ఏడాది వయసువారు ముగ్గురు. తోటలకు వచ్చిన మన కుటుంబాల కులాలు వేరు, కష్టాలు వేరు. అయినా ‘పెద్దలు నడచిన దారి’ అన్న మాట ఆనాడు ఆ పెండ్లిండ్లను కాపాడినట్లే ఈనాడు మన తొందర పెండ్లిండ్లను కాపాడుతున్నది.

దారి మారిందా అంటే, పూర్తిగా మారలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోని 15–19 ఏళ్ళ యువతులలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భవతులో అయి ఉన్నారు. భారతదేశపు సగటు 6.8 శాతమే. వీరిలో అత్యధికులు పెండ్లి అయినవారే. చిన్న వయసు కాన్పుకు పెండ్లి మందు కాదు. మన మాతృభూమిలో అదే మూలం.

ఇక ఈ దేశపు చట్టం. ముస్లిమేతరుల వివాహాలకు వర్తించే 1976 నాటి చట్టం 1982 మార్చి 1న అమలులోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండనివారి వివాహం చెల్లదు. పదహారు దాటిన ఆడపిల్లకు మాత్రం రాష్ట్ర ముఖ్యమంత్రి ఇచ్చే లైసెన్సుతో మినహాయింపు ఉన్నది. మగపిల్లవానికి ఆ మినహాయింపు లేదు. అతడు పిల్లవాడుగానే ఉండవచ్చునట! లైసెన్సు లేకుండా, రిజిస్టరు చేయకుండా గర్భగుడి ముందు కట్టిన తాళి చట్టం దృష్టిలో పెండ్లే కాదు. రేపు అతడు వదలి వెళితే ఆమె భార్యగా ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు.

అతడు అన్నాను గనుక అడుగుతున్నాను: ఈ చర్చలన్నింటిలో అతడు ఎక్కడ ఉన్నాడు? పదహారేళ్ళు నిండని పిల్లతో సంగమం, ఆమె ఒప్పుకొన్నా సరే, మలేషియా శిక్షాస్మృతి ప్రకారం అత్యాచారమే. ఆ పని చేసినవాడిని అల్లుడుగారూ అని పిలిచి పీటలమీద కూర్చోబెట్టడం పరువు ఎట్లా అవుతుంది? ఆ పిల్ల జీవితమంతా అతని పక్కన కూర్చోవలసినది మనం కాదు గదా.

“దయ చూపిస్తే మిగతా పిల్లలు చెడిపోతారు” అనేవారున్నారు. 2010లోనే మలాకా రాష్ట్రంలో గర్భిణులైన విద్యార్థినుల కోసం సెకోలా హరపాన్ అనే పాఠశాల తెరచినప్పుడు కూడ ఇదే మాట వినిపించింది. ప్రసూతి వార్డు చూచి ఎవరైనా గర్భం కోరుకొంటారా? పిల్లలు చెడిపోతారన్న భయం నిజమైతే, శరీరాన్ని గురించి ఇంట్లో నోరు విప్పి చెప్పాలి. ఆ పని తల్లులమైన మనం చేయలేదు. నేనూ నా కుమార్తెకు ఆలస్యంగానే చెప్పాను.

రానున్న సర్వసభ్య సమావేశంలో నేను రెండు తీర్మానాలు ప్రతిపాదించబోతున్నాను. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల వివాహానికి, చేతిలో లైసెన్సు ఉన్నా సరే, మన ఆలయ మండపం ఇవ్వరాదు. బిడ్డతల్లి అయిన విద్యార్థిని ప్రైవేటు అభ్యర్థిగా ఎస్‌పీఎం వ్రాయడానికి కావలసిన రుసుమును, ట్యూషన్ ఖర్చును విద్యానిధి నుండి చెల్లించాలి. ఆమె చదువుకొనేటప్పుడు పసిబిడ్డను ఎవరు చూస్తారని కోశాధికారిగారు నన్ను ఇప్పటికే అడిగారు. ఆదివారం తెలుగు తరగతి జరిగే గదికి పక్కన ఇంకొక గది ఖాళీగా ఉన్నది. ఊయల నేను తెస్తాను.