ఖజురహోని అడ్డం పెట్టుకోకండి

ఎక్స్‌ప్రెషనిస్టుల నగ్నచిత్రాల మీద ఎవరైనా నోరెత్తితే చాలు, మనవాళ్ళ దగ్గర ఒకటే జవాబు: "మన గుళ్ళ మీద లేవా?" పామూరులో బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళం నలుగురం కూడినా ఇదే మాట. వినీ వినీ విసుగొచ్చింది. ఈ సమర్థన తప్పు.

గుడి మీది శిల్పానికి ఆకలి లేదు, చలి లేదు, వయసు మళ్ళదు. ఎగాన్ షీలె గీసిన ఒళ్ళు చూడండి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మోచేతులు పొడుచుకొస్తుంటాయి, చర్మం కమిలినట్టుంటుంది. చాలా బొమ్మల్లో మంచం లేదు, కుర్చీ లేదు, ఉత్త కాగితం. ఈ రెంటినీ ఒకే గాటన ఎట్లా కడతారు?

1912లో పిల్లలు చూసేచోట బొమ్మలుంచాడని షీలెకి శిక్ష వేశారు, మొత్తం 24 రోజులు జైల్లో ఉన్నాడు. జడ్జి ఒక బొమ్మని కొవ్వొత్తి మంటలో కాల్చాడు. పాతకాలం, పోనీండి. మరి 2017లో? వియన్నా పర్యాటక సంస్థ అవే బొమ్మలతో పోస్టర్లు వేయబోతే లండన్, హాంబర్గ్, కొలోన్‌లలో ఒప్పుకోలేదు. మర్మాంగాలకి పట్టీలు కట్టాల్సొచ్చింది. లోదుస్తుల ప్రకటనలకి మాత్రం ఏ ఊళ్ళోనూ ఇంత గొడవ ఉండదు. అంటే వాళ్ళకి అభ్యంతరం బట్టల్లేకపోవడం కాదు, నునుపు చేయకపోవడం.

మా పక్కవాళ్ళకి ఇది ఇంకా తేలిగ్గా అర్థం కావాలి. కనిగిరి, పామూరు పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుము వంగినవాళ్ళున్నారు, కాళ్ళు వంకరపోయినవాళ్ళున్నారు. చొక్కా లేకుండా ఎండలో మట్టి తవ్వుతుంటే వాళ్ళని ఎవరూ అశ్లీలం అనరు. అసలు చూస్తే కదా! అదే ఒంటిని నిలువెత్తు కాన్వాసు మీద గీసి కాలేజీ గోడకి పెట్టమనండి, సంస్కృతి గుర్తొస్తుంది.

మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మా గౌడ్‌ని ఎక్స్‌ప్రెషనిస్టు అని నేననను. కానీ ఆయన ఎచింగుల్లో పల్లెటూరి ఆడా మగా కోరికని దాచుకోరు. ఆ బొమ్మలకి ఏ గుడి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

అట్లాగని అన్నీ వెనకేసుకురాను. కిర్ష్‌నర్ బృందం ఫ్రాన్జి అనే తొమ్మిది పదేళ్ళ పిల్లని నగ్నంగా గీసింది. షీలె కూడా పిల్లల్ని గీశాడు. కళాస్వేచ్ఛ అంటూ దాన్ని సమర్థించేవాళ్ళతో నాకు పొసగదు. వాళ్ళకంటే ముందే, 1906లో, పారిస్‌లో పౌలా మోడర్‌సన్-బెకర్ తన ఒంటిని తనే గీసుకుంది. నడుముదాకా బట్టల్లేవు, మెడలో పూసలదండ. ఎవరినీ అడగలేదు, ఎవరినీ నిలబెట్టలేదు.