కథ చెప్పేవారికి జీతం ఇద్దాం

కోస్గి, మద్దూరు, మక్తల్ దిక్కు ఊళ్లలో తల్లిదండ్రులు పుణె, ముంబై పనులకు వలసపోతే పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు. దేవరకొండ తండాల్లోనూ అంతే. అవ్వకు కథలు వచ్చు. పొద్దంతా కూలి చేసి వచ్చిన మనిషికి చెప్పే ఓపిక ఉండాలి కదా! 2020 సెప్టెంబరులో కరోనా వల్ల పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లకు మారినప్పుడు ఫోను కూడా చాలామంది పిల్లలకు తరగతి గది అయింది. బడులు తెరిచాక దాన్ని వెనక్కి తీసుకున్న ఇళ్లు తక్కువ. కథ, ఆట, స్నేహం ఇప్పుడు అందులోనే.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. మంచి చట్టమే. కానీ ఆ ఊళ్లలో సిమ్ నాయన పేరు మీద, నాయన పుణెలో, అవ్వకు చదువు రాదు. తెర మీద ‘అంగీకరిస్తున్నాను’ అని వస్తే నొక్కేది పదేళ్ల పిల్లే. చట్టం ఆ గుడిసె దాకా రావాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి.

అలాంటి మనుషులు మనకు ఉండేవారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలతోనే పాడించారు, ఆడించారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు, తర్వాత హైదరాబాద్ వచ్చి అదే పని కొనసాగించారు. వాళ్లకది తీరిక వేళల వ్యాపకం కాదు, బతుకంతా అదే. తల్లిదండ్రులు పిల్లల్ని ధైర్యంగా పంపారంటే అక్కడ ఎవరుంటారో వాళ్లకు తెలుసు గనుక.

నేడు ఆన్‌లైన్‌లో పిల్లల కూటమి పెట్టినా కావలసింది అదే. పిల్లవాడు రాసిన ప్రతి మాటను అందరికీ కనిపించే ముందు ఒక పెద్దమనిషి చదవాలి. ఫొటో, ఊరు, బడి పేరు, నంబరు ఉంటే తీసేయాలి. విడిగా సందేశాలు పంపుకొనే దారి అసలు ఉండకూడదు. ఎవరైనా బెదిరిస్తున్నారని పిల్ల చెబితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి, ఆ సాయంత్రం ఆ పిల్లతో మాట్లాడాలి. ఏ యంత్రమూ ఇది పూర్తిగా చేయలేదు. ఈ పని చేసేవారే కథలూ రాయాలని నా గట్టి అభిప్రాయం. పిల్లలు దేనికి భయపడతారో, దేనికి పడిపడి నవ్వుతారో రోజూ చూసేవారికే పాలమూరు మాటలో కథ కుదురుతుంది. తండా పిల్లలకు వాళ్ల లంబాడీ భాష గోర్ బోలీలో కథ రాసేవారు మరీ అరుదు.

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో 2015 నుంచి తెలుగు కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ చక్కటి పుస్తకాలు వేస్తోంది. పుస్తకాలకు లోటు లేదు, వాటిని పిల్లల దగ్గరికి తెచ్చే కొలువే లేదు.

డబ్బెక్కడిది అంటారేమో. ఆస్తి పన్నుతో పాటు మనం రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. నల్గొండ, నారాయణపేట జిల్లా గ్రంథాలయ సంస్థల పెద్దలకు నా విన్నపం: వచ్చే బడ్జెట్‌లో మండలానికి ఒక పిల్లల కథకురాలికో, కథకుడికో నెల జీతం రాయండి. పూర్వాపరాలు విచారించి, శిక్షణ ఇచ్చి, పిల్లల కూటమిని వారి చేతిలో పెట్టండి.