షేరు బేరగాండ్ర జీవనము

గడచిన మాసమున నొక సాయంకాలము మా పొరుగింటి చిన్నది కన్నుల నీరు నింపుకొని మాయింటికి వచ్చెను. "అక్కయ్యగారూ, మావారు వచ్చే నెలనుండి గుమాస్తా పని మానివేసి ట్రేడింగు చేసి బ్రదుకుదమని చెప్పుచున్నారు. అంగడి లేదు, తక్కెడ లేదు, సరకు లేదు. ఫోను చూచుచు కూర్చుండుట యేమి వృత్తియండీ?" అని యడిగెను. భారత భాగవతములు చదువుకొన్న మాకు ఆ ప్రశ్నకు సమాధానము తోచలేదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడక, బడిపంతులుగారైన మావారిని, ముంబయిలో నొక షేరు దళారుల కచేరీలో పనిచేయు మా పినతండ్రిగారి కుమారుని అడిగి తెలిసికొంటిమి. ఆ తెలిసికొన్నదే యీ మాసపు ముచ్చట.

మొదట సరకేదో తెలియవలెను. ఒక కంపెనీ మూలధనమును సమభాగములుగా విభజించినచో నొక్కొక్క భాగమును షేరందురు. అది కొన్నవారు ఆ కంపెనీలో నంతమేరకు భాగస్వాములు. ఈ భాగములు చేతులు మారుచోటు షేరు బజారు. 1850 తరువాతి యేండ్లలో బొంబాయి టౌనుహాలు ప్రాంతమున మఱ్ఱిచెట్ల నీడను దళారులు గుమిగూడి బేరము లాడెడివారు. వారే 1875లో సంఘముగా నేర్పడిరి. 1990 తరువాత కూడ కొన్నియేండ్లు ఆ బజారున కేకలతో, చేతిసైగలతోనే బేరములు కుదిరెడివి. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కంప్యూటరు తెరలపై బేరములు నడుప మొదలిడెను. మరుసటి యేట బొంబాయి బజారును అదే త్రోవ త్రొక్కెను. నేడు ఉదయము 9.15 మొదలు మధ్యాహ్నము 3.30 వరకు ఆ బజారు కోరినవారి యరచేతి ఫోనులో తెరచియే యుండును. మా పొరుగింటి చిన్నదానికి అంగడి కనబడకపోవుటకు కారణ మిదియే.

ఇక నీ బజారున జీవించువారిని గుర్తింపవలెను. ఒక కంపెనీ వృద్ధి చెందునని నమ్మి, షేరు కొని, యేండ్లతరబడి దాచుకొనువారు మదుపుదారులు. వారు కొబ్బరిమొక్క నాటినవారివంటివారు. బేరగాడన్ననో, కాయలను ఉదయము కొని సాయంకాలము అమ్మువానివంటివాడు. చెట్టుతో నతనికి పనిలేదు, ధరల తేడాయే యతని కూడు.

ఆ బేరము చుట్టు బ్రదుకువారిలో మూడు తెగలు గలవు. మొదటివాడు దళారి. ఇతరుల తరఫున కొని, అమ్మి, రుసుము పుచ్చుకొనును. ధర పెరిగినను తరిగినను అతని కూలి యతనికి ముట్టును. రెండవవాడు ఇరువైపుల ధర చెప్పి నిలుచువాడు. "100 రూపాయలకు కొందును, 100 రూపాయల 5 పైసలకు అమ్ముదును" అని దినమంతయు సిద్ధముగా నుండును. ఆ యైదు పైసలే యతని లాభము గనుక వేలసార్లు బేరమాడవలెను. కుమార్తె పెండ్లికై షేర్లు అమ్మదలచిన తల్లికి ఆ నిమిషముననే కొనువాడు దొరకుటకు ఇట్టివారు తోడ్పడుదురు. కావున నీ వృత్తి లోకమున కక్కరలేనిదని మేమనజాలము. మూడవవాడు ధర యెటు పోవునో యూహించి బేరము చేయువాడు. పెద్ద సంస్థలలో నట్టివారు జీతమునకు పనిచేయుదురు. పెట్టుబడి సంస్థది. ఇంత నష్టము రాగానే బేరము విడువవలెనని ముందే హద్దు విధింపబడును. ఆ హద్దును కనిపెట్టు అధికారి వేరుగా నుండును. "అక్కా, మంచి బేరగాడు ఉదయము లేచి, నేడెంత గెలుతునని కాక, నేడెంతవరకు ఓడవచ్చునని నిశ్చయించుకొనును" అని మా తమ్ముడు చెప్పెను.

పొరుగింటి చిన్నవాడు చేయునది ఆప్షను బేరము. దీనిని బయానాతో పోల్చి చెప్పవచ్చును. 10 లక్షల స్థలమును నెలలోపల అదే ధరకు కొనుటకై 20 వేలు బయానా యిచ్చితి మనుకొందము. ధర 11 లక్షలైనచో బయానా పోగా మనకు 80 వేలు మిగులును. పెరుగకున్నచో బయానా పోవును. ఆప్షను కొనుట యిట్టిదే. గడువు మాత్ర మొక్కొకచో నెల కూడ నుండదు, వారమే. ఇచట నొకరి లాభము మరియొకరి నష్టము. మీదుమిక్కిలి, గెలిచినవారికిని ఓడినవారికిని దళారి రుసుము తప్పదు, ప్రభుత్వపు పన్నులు తప్పవు. కావున అందరు తెచ్చిన సొమ్ముకన్న అందరు కొనిపోవు సొమ్ము తక్కువగానే యుండును.

ఇది మా యూహ కాదు. షేరు బజారుపై ప్రభుత్వము నియమించిన సెబీ యను సంస్థ 2024 సెప్టెంబరులో నొక లెక్క ప్రకటించెను. 2021-22 మొదలు మూడు సంవత్సరములలో ఫ్యూచర్సు, ఆప్షను బేరము లాడిన సామాన్యులు కోటికి పైబడిరి. వారిలో నూటికి 93 మంది నష్టపోయిరి. ఖర్చులతో కలిపి తలకు సుమారు 2 లక్షల రూపాయలు పోయినవి. మొత్తము నష్టము 1 లక్షా 80 వేల కోట్లకు మించినది. 2023-24లో లాభములు గడించినవి విదేశీ మదుపు సంస్థలు, సొంత పెట్టుబడితో నాడు పెద్ద సంస్థలు. వాని లాభములలో నూటికి 95 పాళ్లకు మించి కంప్యూటరు లెక్కలచే నడచు బేరములనుండియే వచ్చినవని సెబీ తెలిపినది.

ఇది వినినప్పుడు మాకు నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. నలుడు పుష్కరునితో రెండుమారులు జూదమాడెను. మొదట రాజ్యము పోయెను, పిదప మరల వచ్చెను. నడుమ జరిగినదేమి? విభీతక వృక్షపు ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పగలిగిన ఋతుపర్ణునివద్ద నతడు అక్షహృదయము నేర్చెను. ఆ విద్యను పరుల కొలువులో సారథియై యుండి గ్రహించెను గాని, ఇల్లు పందెమొడ్డి నేర్వలేదు. నేటి పెద్ద సంస్థలు ఋతుపర్ణునివంటివి. ఫోను చేతబట్టిన సామాన్యుడు మొదటినాటి నలుడు.

కావున మా పొరుగింటి చిన్నదానికి మూడు ప్రశ్నలు చెప్పి పంపితిమి. ఒకటి, బేరము మొదలిడిన నాటనుండి గెలుపోటములు రెండును కలిసిన లెక్క యేది? రెండు, ఆ సొమ్ము ఎవరిది? మూడు, ఎంత పోయిన తరువాత మానుదురు? రెండవ ప్రశ్న నాడు నిండుసభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు చెల్లెలు. తన్ను తా నోడినవానికి నన్నొడ్డు నధికార మెక్కడిదని గదా ఆమె యడిగినది! మరియు దమయంతివలె, ఆపద ముదురకముందే బిడ్డల మేలు చూచుకొనుమనియు, వారి చదువుల సొమ్మును విడిగా భద్రపరచు మనియు చెప్పితిమి.

ఆ చిన్నవాడు రెండు దినములు కోపముతో మాటలాడలేదట. మూడవనాటి రాత్రి తానే కాగితము తీసి లెక్క వ్రాసెను. పదునాలుగు మాసములలో గెలిచిన దినములే యింట చెప్పబడినవి. మొత్తము చూడగా 2 లక్షల 60 వేలు పోయినవి. లాకరులో నున్నవని ఆ చిన్నది నమ్మిన గాజులు తాకట్టున నున్నవి. కాగితము చూచి ఆమెకన్న ముందు అతడే కంటతడి పెట్టెనట. గుమాస్తా పని మానలేదు. ప్రతిమాసము జీతములో కొంత తాకట్టు బాకీకి పోవుచున్నది. గాజులు ఇంకను రాలేదు.

సోదరీమణులారా! భర్త యార్జించు మార్గమును తెలిసికొనగోరుట అవిధేయత కాదు. కూరలవానితో పావుకిలోకు బేరమాడు మనము, ఇంటి మూలధనము ఏ బేరమున నున్నదో యడుగకుండుట మర్యాద యనుకొనుచున్నాము. బేరగాండ్ర కచేరీలో నష్టపు హద్దు చూచుట కొక యధికారి యుండునని వ్రాసితిమి గదా. మన యిండ్లలో నా యుద్యోగము ఖాళీగా నున్నది. దానిని మనము స్వీకరింతము.