కొట్లో అడిగే ప్రశ్నకు సైట్లో జవాబేదీ?

మన ఊళ్లలో వ్యాపారానికి వెబ్‌సైటు చేయించడం ఇంకా పెళ్లిపత్రిక అచ్చు వేయించినట్టే ఉంది. పైన దేవుడి బొమ్మ, కింద పెద్దల పేర్లు, చుట్టూ బంగారు రంగు అంచు, అన్నీ బ్రహ్మాండంగా కుదురుతాయి. ముహూర్తం ఎన్నింటికో, భోజనాలు ఎక్కడో మాత్రం కళ్లు చికిలించి వెతుక్కోవాలి. పెళ్లికైతే పక్కింటివాళ్లని అడిగి వెళ్తాం. సైటుకొచ్చినవాడు ఎవర్నీ అడగడు, వెనక్కి నొక్కి ఇంకో సైటుకు పోతాడు.

నాది నంద్యాల. హైదరాబాదులో కోడు రాసుకుని బతుకుతున్నాను. ఇంజనీరింగు చదివినవాడు ఊరికొస్తే చుట్టాలకు కంప్యూటరు డాక్టరు దొరికినట్టే కదా, పోయిన సంక్రాంతికి మా మామ "మావాని సైటు ఒకసారి చూడరా, ఒక్క ఫోనూ వస్తల్లేదంట" అని నన్ను ఆళ్లగడ్డకు లాక్కెళ్లాడు. అక్కడి రాతి శిల్పాల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, భౌగోళిక గుర్తింపు ఉన్న పని అది. షెడ్లలో చెక్కిన విగ్రహాలు అమెరికా గుళ్ల దాకా వెళ్తుంటాయి. అలాంటి ఒక షెడ్డు సైటు ఇది. చేసి ఇచ్చిన కంపెనీ పేరు మనకనవసరం.

తెరవగానే ఎక్కడిదో ఒక గోపురం ఫొటో, దానిమీద ఎగురుకుంటూ వచ్చే స్వాగతం. వెనకటికి ఇలాంటివి ఫ్లాష్‌తో చేసేవాళ్లు. అడోబీ వాళ్లు 2020 డిసెంబరుతో దాన్ని ఆపేశారు గానీ జబ్బు మాత్రం తగ్గలేదు. తర్వాత "మా దార్శనికత" అని మూడు పేరాల ఇంగ్లీషు. తర్వాత 60 విగ్రహాల ఫొటోలు, ఒక్కదానికీ ఎత్తు లేదు, రాయి ఏమిటో లేదు, ధర లేదు. ఫోన్ నంబరు ఉంది, కానీ బొమ్మలో అచ్చయి ఉంది, వేలు పెట్టి నొక్కితే పలకదు. "సంప్రదించండి" అనే ఫారం నింపితే అది ఏదో ఈమెయిలుకు వెళ్తుంది. ఆ ఈమెయిలు పాస్‌వర్డు ఆచారిగారికి తెలియదు. ఇంక ఫోన్లెట్లా వస్తాయి?

నేను అక్కడ కూర్చున్న అరగంటలో జమ్మలమడుగు వైపు నుంచి ఇద్దరు వచ్చారు, ఊళ్లో గుడికి ఆంజనేయసామి కావాలని. వాళ్లు అడిగినవి చూడండి. "మూడడుగులది ఎంత పడుతుంది ఆచారీ?" "పీఠంతో కలిపి మూడడుగులా, సామి ఒక్కడేనా?" "ప్రతిష్ఠ ఫలానా రోజు పెట్టుకున్నాం, అప్పటికి అవుతుందా?" "దారిలో దెబ్బ తగిలితే ఎవరిది భారం?" ఆయన ఉలి కింద పెట్టకుండానే అన్నిటికీ జవాబు చెప్పాడు. వీటిలో ఒక్క ప్రశ్నకీ ఆయన సైట్లో జవాబు లేదు. నా వాదన మొత్తం ఇంతే. సైటు అందంగా ఉందా లేదా అన్నది తర్వాత, కొట్లో మనిషి నోరు తెరిచి అడిగేవాటికి అది జవాబు చెబుతుందా?

రాతి విగ్రహం విషయంలో ఆ ప్రశ్నలు మామూలు ప్రశ్నలు కూడా కావు. చొక్కా కొంటే సైజు కుదరకపోతే వెనక్కి పంపుతాం. విగ్రహానికి వేలి కొస విరిగినా అది భిన్నమైనట్టే, ప్రతిష్ఠకు పనికిరాదు. ముహూర్తం పెట్టుకుని ఊరంతా పిలుపులు అయ్యాక "వారంలో ఇంకోటి పంపుతాం" అంటే వినేదెవరు? కాబట్టి విగ్రహాలమ్మే సైటు కొనేవాణ్ణి మొదట అడగాల్సింది ఈమెయిలు కాదు, ప్రతిష్ఠ తేదీ. ఆ తేదీకి కుదరదనుకుంటే అక్కడే చెప్పేయాలి. రాయి బరువూ అంతే. ఘనపు అడుగు నల్లరాయి 75 కిలోలకు పైమాటే. దూరాన ఉన్నవాడు ఫొటో చూసి కొరియరులో వచ్చేస్తుందనుకుంటాడు. ప్రతి ఫొటో కింద ఎత్తు, బరువు, లారీ ఖర్చు ఎవరిదో ఒక వాక్యం రాస్తే చాలు. విగ్రహం పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీసిన ఫొటో అయితే ఇంకా మేలు, అంగుళాలు చదవాల్సిన పనే ఉండదు.

ధర దగ్గర పెద్ద గొడవే అయ్యింది. "ధర రాస్తే పక్క షెడ్డాయన వెయ్యి తగ్గించి రాస్తాడు నాయనా" అన్నాడు. నిజమే, ఒకే రోడ్డు మీద బతికేవాళ్ల మధ్య అది చిన్న విషయం కాదు. కానీ ధర లేని సైటు చూసినవాడు ఎక్కడికి పోతున్నాడు? మధ్యవర్తి దగ్గరికి. ఆ మధ్యవర్తి ఇదే విగ్రహం ఫొటో పెట్టి, తన ధర రాసుకుని, చెక్కినవాడి పేరు లేకుండా అమ్ముకుంటున్నాడు. పక్క షెడ్డుకు భయపడి పట్నం దళారికి వాటా ఇస్తున్నట్టే కదా. కచ్చితమైన ధర వద్దు, "రెండడుగులవి ఇంత నుంచి ఇంత వరకు" అన్నా చాలు. ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు లెండి.

"ఇవన్నీ ఎందుకు, వాట్సాప్ ఉంది కదా" అనే మిత్రులున్నారు. వాళ్లతో నేను సగం ఒప్పుకుంటాను. వాట్సాప్ ఎందుకు నడుస్తోందంటే అవతల మనిషి ఉన్నాడు, తెలుగులో అడిగితే తెలుగులో చెబుతాడు, వాయిస్ పంపినా వింటాడు. ఆ చచ్చు ఫారం పీకేసి, ప్రతి విగ్రహం కింద దాని నంబరుతో సహా సందేశం తెరుచుకునే వాట్సాప్ మీట ఒకటి పెడితే వంద రెట్లు నయం. పది నిమిషాల పని. కాకపోతే చేతిలో ఉలి ఉన్న మనిషి అదే ప్రశ్నకు రోజుకు ఇరవైసార్లు జవాబివ్వలేడు. ఆ ఇరవైని నాలుగుకు తగ్గించడమే సైటు చేయాల్సిన పని.

పెద్ద కంపెనీలేమీ దీనికి అతీతం కాదు. జారెడ్ స్పూల్ అనే డిజైన్ పరిశోధకుడు 2009లో ఒక ఉదంతం రాశాడు. అమెరికాలో ఒక పెద్ద షాపింగు సైటు డబ్బు కట్టే ముందు "రిజిస్టరు అవ్వండి" అని అడ్డం నిలబడేది. ఆ మీట తీసేసి "కొనసాగించండి" అని పెట్టి, ఖాతా అవసరం లేదని ఒక మాట రాశారు. కొనేవాళ్లు 45 శాతం పెరిగారు, మొదటి ఏడాదిలో 30 కోట్ల డాలర్లు అదనంగా వచ్చాయి. మన దగ్గర మటుకు సెల్‌ఫోన్ కొట్టు కుర్రాడు ఎప్పుడో తయారుచేసిచ్చిన ఈమెయిలు తప్ప ఇంకోటి లేనివాళ్లని పట్టుకుని, ఈమెయిలు, దానికో పాస్‌వర్డు, అందులో ఒక పెద్దక్షరం, ఒక అంకె అంటూ పీడిస్తాం.

చిరునామా ఇంకో తంటా. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయ్యింది. ఆ తర్వాత కూడా జిల్లాల జాబితాలో కర్నూలు తప్ప నంద్యాల లేని ఫారాలు ఎన్ని చూశానో. 518543 అని పిన్ కొట్టగానే ఆళ్లగడ్డ, నంద్యాల జిల్లా అని దానంతటదే పడాలి, మనిషి చేత జాబితాలో వెతికించడం దేనికి? పైగా "లాండ్‌మార్కు"ని ఇష్టమైతే రాయండి అన్నట్టు చివర పెడతారు. మా వైపు "పాత బస్టాండు వెనక, వేపచెట్టు పక్క సందు" అన్నదే అసలు చిరునామా, ఇంటి నంబరు కరెంటు బిల్లుకే.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ 2020లో తెలుగు పెట్టాయి, మంచిదే. చిన్న సైట్ల వాళ్లు మాత్రం తెలుగంటే అనువాద యంత్రంలో వేసి తీసిందే అనుకుంటున్నారు. నంద్యాల గాంధీ చౌకులో ఎవరూ "బండికి జోడించు" అనరు. "ఆర్డర్ పెట్టు" అంటారు. అదే రాయండి.

ఇదంతా మాకు, అంటే చేసేవాళ్లకు, తెలియక కాదు. డబ్బిచ్చేది షెడ్డు యజమాని, ఆయనకు చూపించేది మా లాప్‌టాప్‌లో, ఆఫీసు వైఫైలో. కొనేవాడు ఆ గదిలో ఉండడు. పైన చెప్పిన 60 ఫొటోలు ఒక్కోటి 5 ఎంబీ, మొత్తం 300 ఎంబీ, అన్నీ ఒకే పేజీలో. ఎండలో, పగిలిన అద్దం ఫోన్లో, సిగ్నలు వచ్చీ రాకా ఎవడు తెరుస్తాడు? ఒక్కోటి 150 కేబీకి కుదిస్తే మొత్తం 9 ఎంబీలో అయిపోతుంది, కంటికి తేడా కూడా తెలియదు.

సైటు చేయించుకునే వాళ్లకు నాదొక సలహా. ఆఖరి వాయిదా కట్టే ముందు ఆ సైటును ఎదురింటి వాళ్ల ఫోన్లో తెరిపించండి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. "ధర యాడుంది?" అని వాళ్లు మిమ్మల్ని అడిగితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.