ఓదార్పు పొందని తల్లి

డెన్మార్క్ రాకుమారి డాగ్మార్‌కు నిశ్చయమైన వరుడు, రష్యా యువరాజు నికొలస్ 1865లో మరణించాడు. మరుసటి ఏడాది అతని తమ్ముడు అలెగ్జాండర్‌ను ఆమె పెళ్లాడింది. రూతులాగా పుట్టిన దేశాన్ని విడిచి, మెట్టినింటి జనాన్నే తన జనం చేసుకుంది. లూథరన్ సంఘాన్ని వదిలి ఆర్థొడాక్స్ సంఘంలో చేరి మరియా ఫ్యొదొరొవ్నా అయింది. 1881లో మహారాణి అయింది.

కానీ ఆమె నలుగురు కొడుకులూ ఆమెకన్నా ముందే పోయారు. పెద్దకొడుకు, పదవి కోల్పోయిన చక్రవర్తి రెండో నికొలస్‌ను 1918లో భార్యాబిడ్డలతో సహా బోల్షివిక్కులు కాల్చి చంపారు. 1919లో బ్రిటిష్ యుద్ధనౌకలో రష్యా విడిచి, చివరికి డెన్మార్క్ చేరిన ఆ తల్లి, 1928లో కన్నుమూసేదాకా కొడుకు చనిపోయాడన్న మాటను నలుగురిలో ఒప్పుకోలేదు.

ఇది అవిశ్వాసమా? బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడిస్తే, 'విశ్వాసివై ఉండి ఏడుస్తావా?' అని మన సంఘాల్లోనూ కొందరు మందలిస్తారు. అది తగదు. పిల్లల కోసం విలపించిన రాహేలును దేవుడు గద్దించలేదు, వారు తిరిగి వస్తారని వాగ్దానమిచ్చాడు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసుప్రభువు కన్నీళ్లు విడిచాడు. పునరుత్థాన నిరీక్షణ కన్నీటికి అడ్డుకట్ట కాదు. దుఃఖంలో ఉన్నవారికి ప్రసంగం చేయకండి. పక్కన కూర్చోండి, వారితో కలిసి ఏడవండి. ప్రభువు చేసిందదే!