బరువైన నాదము

బరువైన రాక్ నాదము కావలెనన్న, యాంప్లిఫయరులో గిటారు ధ్వనిని ఎంత పగులగొట్టిన నంత మేలని మన విద్యార్థులు కొందరు తలంచుచున్నారు. మే మందులకు సమ్మతింపము.

పూర్వము రేడియోలలో ఎఱ్ఱగ వెలిగిన వాల్వులను పెద్దలెఱుగుదురు. 1962లో లండనునందలి జిమ్ మార్షల్ దుకాణమువారు, అమెరికా ఫెండర్ బాస్‌మన్‌ను అనుసరించి నిర్మించిన జేటీఎం 45 కూడ అట్టి వాల్వుల యంత్రమే. ధ్వనిని పగులగొట్టుటకు దానిలో ప్రత్యేకముగ మీట లేదు. శబ్దము హెచ్చించినకొలది వాల్వులు శక్తి చాలక తరంగముల శిఖరములను కోసివేయును. ఆ కోతవలననే మూలస్వరమునకు తోడుగ పైస్వరములు పుట్టి నాదము నిండును.

బ్లాక్ సబ్బత్ బృందమున టోనీ అయోమీ, 1970లో వెలువడిన వారి మొదటి రికార్డునకు, లేనీ యాంప్లిఫయరు ముందు ట్రెబుల్ బూస్టరు నుంచెను. బరువునకు తారస్థాయి నేల పెంచవలె నందురా? మంద్రము మిక్కుటమైనచో పగిలిన స్వరములు ఒకదానిలో నొకటి కలిసి బురదయగును. మంద్రమును తగ్గించి, పగులును మితముచేసి, తంత్రిని గట్టిగ మీటి చూడుడు. సగము బరువు వ్రేళ్లలోనే యున్నది!

ఇక ఇరుగుపొరుగు మాట. యాంప్లిఫయరునకు స్పీకరునకు నడుమ తగిన అటెన్యుయేటరు నుంచినచో వాల్వులట్లే శ్రమించును, చెవులు దక్కును. స్పీకరు తగిలింపక మాత్రము నడుపరాదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. వెనుక పలకను పిల్లలు విప్పరాదు. స్విచ్చి ఆపిన పిమ్మటను కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.