సీసాలోని పచ్చని ఉండలు



ఒక వేసవిలో నగరిలో మా సంఘపు సహోదరి ఇంటికి ప్రార్థనకు వెళ్లాము. ఆమె భర్తది మరమగ్గాల పని. ఆమెకు పిత్తాశయములో రాళ్లున్నవని స్కానింగులో తేలింది. ఆపరేషను అంటే భయము. ఎవరో చెప్పగా ఎప్సం ఉప్పు నీళ్లు త్రాగి, రాత్రి ఆలివ్ నూనెలో నిమ్మరసము కలిపి త్రాగారట. తెల్లవారి విరేచనములో పడినవంటూ ఒక సీసా చూపించారు. అందులో బఠాణీలంత పచ్చని ఉండలు!

"అయ్యగారూ, కత్తి పెట్టకుండానే రాళ్లన్నీ పడిపోయినాయి. ఆదివారం సాక్ష్యం చెప్పేదా?" అన్నారు. మేమును సంతోషించి సరేనన్నాము.

ఇంటికి వచ్చాక మనసు ఒప్పలేదు. తెలిసిన డాక్టరు గారిని అడిగాము. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సంగతి ఆయన చెప్పారు. న్యూజిలాండులో 40 ఏండ్ల స్త్రీ ఒకామె ఇలాగే 600 మి.లీ. ఆలివ్ నూనె, 300 మి.లీ. నిమ్మరసము త్రాగి, పడిన ఉండలను వైద్యులకు చూపించింది. పరీక్షిస్తే వాటిలో కొలెస్ట్రాలు లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియమూ లేదు. ముప్పాతిక వంతు కొవ్వు ఆమ్లాలే. 40 డిగ్రీల వేడికి పది నిమిషాలలో కరిగి పచ్చని నూనె అయిపోయినవి. త్రాగిన నూనె కడుపులో విడిపోయి, నిమ్మరసములోని పొటాషియముతో కలిసి సబ్బు ఉండలైనదని వైద్యులు తేల్చారు. ఆమె అసలు రాళ్లను తరువాత ఆపరేషను చేసి తీశారు.

శనివారము మరల ఆ సహోదరి ఇంటికి వెళ్లాము. గిన్నెలో వేడినీళ్లు తెప్పించి రెండు ఉండలు వేశాము. కాసేపటికి నీళ్లపై నూనె తేలింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తిరుపతిలో మళ్లీ స్కానింగు తీయిస్తే రాళ్లు ఉన్నచోటనే ఉన్నవి. చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషనుతో ఇప్పుడు క్షేమముగా ఉన్నారు.

కొందరు అరటి దూట రసముతో మూత్రములో రాళ్లు పడినవి కదా అంటారు. అవి మూత్రపిండములలోని రాళ్లు. చిన్నవైతే వాటంతట అవే మూత్రములో పోవచ్చును. పిత్తాశయపు దారి వేరు, బహు ఇరుకు. అంత నూనె ఒకేసారి పడితే పిత్తాశయము గట్టిగా ముడుచుకొని రాయి దారిలో ఇరుక్కోవచ్చును. అప్పుడు కామెర్లు, క్లోమము వాపు వచ్చి ప్రాణము మీదికి రావచ్చును. ఎప్సం ఉప్పు భేదిమందు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి ప్రమాదము. రాళ్లున్న వారందరికీ ఆపరేషను అవసరము లేదు. నొప్పి లేకుంటే తరచుగా అలాగే వదిలేస్తారు. అది డాక్టరు చెప్పాలి. కడుపు నొప్పితో చలిజ్వరము గాని, కన్నులు పచ్చబడుట గాని ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆమె మోసము చేయలేదు. కన్నులతో చూచినదే నమ్మారు. విచారించకుండా సరేనన్న తప్పు మాది. ఆ సాక్ష్యము విని ఎందరు ఆపరేషను మానుకొని ఉండేవారో! లూకా గారు కూడ వైద్యుడే గదా. ఆదివారము స్వస్థత కొరకు ప్రార్థించుదాము. సోమవారము డాక్టరు గారి యొద్దకు వెళ్లుదాము.